రోడ్డుకు మొదటి బ్రేక్, ట్రాక్‌కు ఇరవయ్యో బ్రేక్: పర్ఫార్మెన్స్ కారుకు ఏ ప్యాడ్లు వేయాలి?

"అన్నా, వచ్చే నెల చెన్నై ట్రాక్‌కి పోతున్నా. రేసింగ్ ప్యాడ్లు వేయించేస్తే రోడ్డు మీద కూడా గట్టిగా ఆగుతుంది కదా?"

పోయిన వారం మా బాబాయి కొడుకు ఫోన్లో అడిగిన మాట ఇది. వాడిది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్. వారంలో ఐదు రోజులు మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తాడు. అప్పుడప్పుడూ తిరుపతి, శ్రీశైలం. ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రీపెరంబుదూర్ పక్కన ఉన్న మద్రాస్ ట్రాక్. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ట్రాక్ రోజులకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు, వెళ్ళడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్నే ఇది.

రోడ్డు మీద మనకు కావలసింది మొదటి బ్రేక్. రాత్రంతా వానలో తడిసిన కారు తీసుకుని పొద్దున్న కాలనీ సందులోంచి బయటికి వస్తుంటే, స్కూలు పిల్లాడు సైకిల్ మీద అడ్డం వస్తాడు. అప్పుడు చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్క్ వేడి 30 డిగ్రీలు కూడా ఉండదు. ఆ చల్లని డిస్క్‌నే ప్యాడ్ గట్టిగా పట్టాలి, అదీ మొదటిసారే పట్టాలి. ట్రాక్ మీద కావలసింది ఇరవయ్యో బ్రేక్. నాలుగో ల్యాప్‌లో, డిస్కులు 500 డిగ్రీలు దాటాక, మొదటి ల్యాప్‌లో ఎక్కడ బ్రేక్ కొట్టారో అక్కడే కొడితే కారు అంతే దూరంలో ఆగాలి. ఈ రెండు పనులూ సమానంగా చేసే ప్యాడ్ నాకు ఇంతవరకూ దొరకలేదు. కాబట్టి ఎంపిక ఎప్పుడూ ఒకటే: మీ కారు నిజంగా ఎంత వేడి పుట్టిస్తోంది, అందులో ఏ పనిని కొంచెం వదులుకోవడానికి మీరు సిద్ధం?

వేడి లెక్క ఒక్కసారి వేసుకుందాం

బ్రేక్ అంటే కారు వేగాన్ని వేడిగా మార్చే యంత్రం. అంతకు మించి ఏమీ లేదు. డ్రైవరుతో కలిపి 1,500 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే సుమారు 2.1 లక్షల జౌళ్ళ శక్తి బ్రేకుల్లోకి వెళ్తుంది. సిటీలో మనం చేసే గట్టి బ్రేక్ ఇదే. అదే కారు ట్రాక్ మీద 160 నుంచి 60కి తగ్గితే 12.7 లక్షల జౌళ్ళు. ఆరు రెట్లు. కారు ఆగలేదు కూడా, వేగం తగ్గిందంతే.

ఇందులో 70 శాతం ముందు చక్రాలు మోస్తాయనుకుంటే, ముందు డిస్క్ ఒక్కోదానికి దాదాపు 4.4 లక్షల జౌళ్ళు. డిస్క్ బరువు ఎనిమిది కిలోలైతే ఆ ఒక్క బ్రేకుకే దాని వేడి 110 డిగ్రీల పైగా పెరుగుతుంది. గాలికి చల్లారేది పోగా కొంత మిగులుతుంది. తర్వాతి మలుపు దగ్గర మళ్ళీ అంతే కలుస్తుంది. మద్రాస్ ట్రాక్ ల్యాప్ 3.7 కిలోమీటర్లు, మామూలు రోడ్డు కారుకు రెండు నిమిషాల పైచిలుకు పని. పదిహేను నిమిషాల సెషన్ అంటే ఆ డిస్కులకు తీరిక ఉండదని అర్థం.

మనకు బాగా తెలిసిన ఘాట్‌తో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగేటప్పుడు కారు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. 1,500 కిలోల బరువుకు అది కోటి జౌళ్ళ పైన. పైన చెప్పిన ట్రాక్ బ్రేకులు ఎనిమిది కలిపితే ఎంతో ఇదీ అంతే. కాని కొండ దిగడానికి అరగంట దాటుతుంది, గేరు తగ్గిస్తే ఇంజనే చాలా భాగం పట్టేస్తుంది. ట్రాక్ మీద ఆ ఎనిమిది బ్రేకులూ రెండు మూడు ల్యాపుల్లో అయిపోతాయి. అందుకే ఏళ్ళ తరబడి ఘాట్లు దిగి ఏ ఇబ్బందీ పడని కంపెనీ ప్యాడ్లు ట్రాక్ మీద పది నిమిషాలకే చేతులెత్తేస్తాయి. ఘాట్‌లో ఎప్పుడూ కంగారు పడలేదు కాబట్టి ట్రాక్ మీద కూడా సరిపోతాయి అనే లెక్క తప్పు.

ప్యాడ్ మార్చే ముందు, తప్పు ఎక్కడుందో చూడండి

ఇది నా అనుభవం, కాస్త వివరంగానే చెప్తాను. మొదటిసారి ట్రాక్‌కి వెళ్ళినప్పుడు ఐదో ల్యాప్‌లో మెయిన్ స్ట్రెయిట్ చివర బ్రేక్ కొడితే పెడల్ మెత్తగా సగం దాకా దిగిపోయింది. రెండోసారి కొట్టాక పట్టింది. కారు మలుపు దాటి మట్టిలోకి వెళ్ళి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, కాని కాళ్ళు వణకడం ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇంటికొచ్చాక ప్యాడ్లే కారణమనుకుని ఖరీదైన రేసింగ్ ప్యాడ్లు తెప్పించి వేయించాను. తర్వాతి ట్రాక్ రోజున మళ్ళీ అదే జరిగింది. అప్పుడు పక్క పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోటు) ఉన్న ఒక పెద్దాయన అడిగారు, "పెడల్ మెత్తగా దిగిందా, గట్టిగానే ఉండి కారు ఆగలేదా?" మెత్తగా దిగిందన్నాను. "అయితే అది ప్యాడ్ కాదు బాబూ, బ్రేక్ ఆయిల్ మరిగింది" అన్నారు.

ఆ తేడా అందరూ గుర్తుపెట్టుకోవాలి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే ప్యాడ్ వేడికి లొంగిపోయినట్టు. ప్యాడ్‌లోని రెసిన్ కాలి, జారుడు తగ్గించాల్సిన పదార్థం తన పని మానేసింది. పెడల్ మెత్తగా నేలకు దిగితే, కాలి ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్ళే ఆయిల్‌లో బుడగలు పుట్టినట్టు. ద్రవాన్ని నొక్కలేం, ఆవిరిని నొక్కగలం. అందుకే కాలు దిగిపోతుంది, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్‌కు ఒత్తిడి చేరదు.

డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను తాగుతూనే ఉంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్ళలో ఉండే కార్ల సంగతి చెప్పక్కర్లేదు. డాట్ 5.1కి ఈ అంకెలు 260, 180. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ ఆయిల్ తాజాగా ఉంటే 312 డిగ్రీల దాకా నిలుస్తుంది. పేరులో కేవలం 5 ఉన్న డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, మన కార్లలో పోయకూడదు, కలపకూడదు.

నేను రెండేళ్ళ పాత ఆయిల్‌తో వెళ్ళాను. కొత్త ప్యాడ్ల ఖర్చులో చిన్న భాగం పెట్టి ఆయిల్ మార్పిస్తే సరిపోయేది. కాబట్టి ఇక్కడి నుంచి చెప్పే ప్యాడ్ల పోలిక అంతా, మీ కారులో తాజా ఆయిల్ ఉందని అనుకుని చెప్తున్నది. అది లేకపోతే ఏ ప్యాడ్ వేసినా వృథా.

రోడ్డు ప్యాడ్లు: కంపెనీవి, సిరామిక్‌వి, కొంచెం పదునైనవి

కారుతో వచ్చిన ప్యాడ్లను తక్కువగా చూడకండి. చల్లగా ఉన్నప్పుడు పట్టడం, శబ్దం రాకపోవడం, డిస్కును తినేయకపోవడం, వానలో నమ్మకం, ఈ నాలుగింటి కోసం కార్ల కంపెనీలు చాలా శ్రమ పెడతాయి. ఏటీఈ, టెక్స్‌టార్, టీఆర్‌డబ్ల్యూ, బ్రెంబో, బాష్ పెట్టెల్లో బయట దొరికే ప్యాడ్లు కూడా చాలావరకు ఇదే కోవకు చెందుతాయి. యూరప్‌లో వీటికి ఆర్90 అనే ప్రమాణం ఉంది. కొత్త ప్యాడ్ పనితీరు అసలు ప్యాడ్‌కు 15 శాతం అటూ ఇటూలోనే ఉండాలని అది చెప్తుంది. పెట్టె మీద ఆర్90 ఉంటే రోడ్డుకు భరోసా ఉన్నట్టు. ట్రాక్ గురించి అది ఏమీ చెప్పదు.

సిరామిక్ ప్యాడ్లు ప్రధానంగా దుమ్ము తగ్గడం కోసం. చక్రాలు నల్లబడవు, శబ్దం తక్కువ, పెడల్ మెత్తగా, హాయిగా ఉంటుంది. పేరులో సిరామిక్ ఉంది కాబట్టి సూపర్ కార్ల కార్బన్ సిరామిక్ డిస్కులతో కలిపి చూడకండి. ఆ రెండింటికీ పేరులో తప్ప పోలిక లేదు. ఈబీసీ రెడ్‌స్టఫ్ లాంటివి వేగంగా నడిపే రోడ్డు కార్లకు మంచి ఎంపిక. ట్రాక్‌కు నేను వేయను.

తర్వాతిది రోడ్డుకోసమే చేసినా వేడికి ఇంకొంచెం ఎక్కువ తట్టుకునే కోవ. హాక్ హెచ్‌పీఎస్ ఇందులో చాలామందికి తెలిసిన పేరు. చల్లగా ఉన్నప్పుడు కంపెనీ ప్యాడ్ లాగే పడుతుంది, ఘాట్‌లో, హైవే మీద వేగం నుంచి వరసగా బ్రేక్ కొట్టినా తడబడదు. కొంచెం దుమ్ము ఎక్కువ, అంతే. ట్రాక్ వైపే వెళ్ళని, కాని కారు గట్టిగా నడిపే మనిషికి నా సలహా ఎప్పుడూ ఇదే. అరకు ఘాట్, శ్రీశైలం ఘాట్ ఇష్టపడేవాళ్ళు ఇంతకు మించి డబ్బు పెట్టనక్కర్లేదు.

మధ్యరకం: అందరూ వెతికేది, అందరికీ సరిపోనిది

రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే ప్యాడ్ అని అమ్మేవి ఇవి. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ యెల్లోస్టఫ్, బ్లూస్టఫ్, హాక్ హెచ్‌పీ ప్లస్, జపాన్ నుంచి ఎండ్‌లెస్ ఎంఎక్స్72. ఇండియాలో ఇవన్నీ దాదాపు దిగుమతి సరుకే, మీ కాలిపర్‌కు సరిపోయే సైజు దొరకడమే ఒక పని. అందుకే ఫలానాదే కావాలని పట్టుపట్టే కన్నా ఏది దొరుకుతోందో చూసి దాని స్వభావం తెలుసుకోవడం మంచిది.

డీఎస్2500 సంగతి చూద్దాం. ఫెరోడో లెక్క ప్రకారం ఇది 20 నుంచి 500 డిగ్రీల మధ్య పనిచేస్తుంది, సగటు ఘర్షణ గుణకం (ఎంత గట్టిగా పడుతుందో చెప్పే అంకె) 0.42. ఆ కింది అంకె చూడండి, 20. అంటే పొద్దున్నే చల్లని డిస్కు మీద కూడా పడుతుంది. పై అంకె 500 చూడండి. తేలికపాటి కారు, స్ట్రీట్ టైర్లు, మధ్యమధ్యలో చల్లార్చుకుంటూ వేసే ల్యాపులు అయితే అది చాలు. 1,500 కిలోల టర్బో కారుకు ట్రాక్ పట్టు కోసం చేసిన సెమీ-స్లిక్ టైర్లు వేసి, వేగం తెలిసిన మనిషి నడిపితే ఆ హద్దు దాటేస్తారు. ప్యాడ్ చెడ్డదని కాదు, మీరు దాని నుంచి బయటికి ఎదిగారని.

హెచ్‌పీ ప్లస్‌కు మొదటి పట్టు ఎక్కువ. కాలు ఆనించగానే కారు ముక్కు వంగుతుంది, అది కొందరికి బాగా నచ్చుతుంది. కాని సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆగుతున్నప్పుడు కీచుమంటుంది, దుమ్ము కూడా బాగా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు అదే కారులో గుడికి వెళ్తారంటే ఆ శబ్దం సంగతి ముందే ఆలోచించుకోండి. ప్రతి సిగ్నల్ దగ్గరా పక్కవాళ్ళు తిరిగి చూస్తుంటే అమ్మకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో నేను చూశాను. నెల తిరగకుండా తీసేశాను.

మధ్యరకం ప్యాడ్లు ఎవరికి సరైనవంటే, ఏడాదికి మూడు నాలుగు ట్రాక్ రోజులు వెళ్తూ, ట్రాక్ దాకా కారు నడుపుకునే వెళ్ళి అదే కారులో తిరిగి రావాల్సినవాళ్ళకు. హైదరాబాద్ నుంచి చెన్నై ట్రాక్ 600 కిలోమీటర్ల పైన. సెషన్ అయిపోయిన రాత్రి నెల్లూరు హైవే మీద లారీ వెనక బ్రేక్ కొట్టేది కూడా ఈ ప్యాడ్‌తోనే.

అసలు ట్రాక్ ప్యాడ్లు

పాజిడ్ ఆర్‌ఎస్‌ఎల్29, ఫెరోడో డీఎస్1.11, హాక్ డీటీసీ-60, డీటీసీ-70, కార్బోటెక్ ఎక్స్‌పీ10 లాంటివి. వీటిలో కూడా రెండు స్వభావాలు ఉన్నాయి. పాజిడ్ 29, డీఎస్1.11 ఎండ్యూరెన్స్ రకం: పట్టు కొంచెం తక్కువైనా మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, నెమ్మదిగా అరుగుతాయి, కాలితో ఎంత ఒత్తితే అంత పట్టు. డీటీసీ-70 లాంటివి పట్టు ఎక్కువ రకం: బరువైన కారుకు, స్లిక్ టైర్లకు, గాలి కారును నేలకు అదిమే డౌన్‌ఫోర్స్ ఉన్నవాటికి. స్ట్రీట్ టైర్ల మీద అంత పట్టు ఉన్న ప్యాడ్ వేస్తే కాలు పెట్టిన ప్రతిసారీ ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) కొట్టుకుంటుంది తప్ప కారు ముందుగా ఆగదు. ఆపేది చివరికి టైరే.

ఇవి రోడ్డు మీద ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. చల్లగా ఉన్నప్పుడు వీటి పట్టు ఎంత ఉంటుందో ముందుగా ఊహించలేం. ఒక బ్రేకుకు బాగా పడుతుంది, ఇంకోదానికి కర్రముక్క నొక్కినట్టు ఉంటుంది. ట్రాక్ మీద వార్మప్ ల్యాప్ ఉంటుంది. సందులోకి వచ్చే పిల్లాడికి వార్మప్ ల్యాప్ ఉండదు. పైగా చల్లని స్థితిలో ఇవి డిస్కును ఇసుక కాగితంలా గీకుతాయి. ఆ ఇనుప పొడి వానలో తడిసి చక్రాల మీద తుప్పు మరకలుగా అతుక్కుపోతుంది, కడిగినా పోదు. ట్రాక్ రోజు అయిపోయాక తడి కారును అలాగే నాలుగు రోజులు వదిలేస్తే ప్యాడ్ డిస్కుకే అంటుకుపోతుంది.

మా తమ్ముడి ప్రశ్నకు నేను వద్దు అన్నది దీని గురించే. రేసింగ్ ప్యాడ్ అంటే ఎక్కువ ఆపే ప్యాడ్ కాదు. వేడిలో కూడా ఆపే ప్యాడ్.

ప్యాడ్ అంచు మీద ఉన్న అక్షరాలు

ప్యాడ్ అంచు మీద ఎఫ్ఎఫ్, జీఎఫ్, జీజీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది ఎక్కువ వేడిలో పట్టు. 'ఈ' (E) అక్షరం అంటే గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' (F) అంటే 0.35 నుంచి 0.45, 'జీ' (G) అంటే 0.45 నుంచి 0.55. దుకాణాల్లో జీజీ అంటే రేసింగ్ అని చెప్పేస్తుంటారు. కాని ఈ పరీక్ష ఒక అంగుళం ముక్కను తిరిగే డ్రమ్ముకు ఆనించి చేసేది, అందులో ఎక్కువ వేడి అంటే 340 డిగ్రీల చుట్టుపక్కలే. ట్రాక్ కథ 500 దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఈ అక్షరాలు రెండు రోడ్డు ప్యాడ్లను పోల్చడానికి పనికొస్తాయి, ట్రాక్ ప్యాడ్ ఎంచుకోవడానికి పనికిరావు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇంకో గుర్తు కనిపిస్తుంది, మూడు ఆకుల బొమ్మ. ప్యాడ్లలోని రాగి పొడి వాననీటితో వాగుల్లోకి చేరి చేపలకు హాని చేస్తోందని కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు దాన్ని కట్టడి చేశాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి రోడ్డు కార్ల కొత్త ప్యాడ్లలో రాగి 0.5 శాతం దాటకూడదు. గుర్తుల సంగతి అలా ఉంచితే, ట్రాక్‌ను బట్టి కూడా ఎంపిక మారుతుంది. డల్లాస్, ఆస్టిన్ వైపు ఉండి ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ట్రాక్‌కు వెళ్ళే మనవాళ్ళు ఆ ట్రాక్ పొడవు 5.5 కిలోమీటర్లనీ, వెనక స్ట్రెయిట్ చివర చాలా పెద్ద బ్రేక్ ఉందనీ గుర్తుంచుకోవాలి. అక్కడ మధ్యరకం ప్యాడ్ మీద ఆధారపడటం కష్టం. ఇక్కడ గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌దీ అదే కథ. కిలోమీటరుకు మించిన స్ట్రెయిట్ ఉంది. 200 వేగం నుంచి బ్రేక్ కొడితే, 160 నుంచి కొట్టినదానికి ఒకటిన్నర రెట్లకు మించిన శక్తి వదిలించుకోవాలి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే రెండు కిలోమీటర్ల పైచిలుకే, వేగాలు తక్కువ. కాని మలుపుల మధ్య చల్లారే సమయం దొరకదు.

రెండు సెట్లు: నా దారి

ఏడాదికి నాలుగైదు ట్రాక్ రోజులు దాటితే రెండు సెట్లు పెట్టుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. వారమంతా రోడ్డు ప్యాడ్లు, ట్రాక్‌లో ట్రాక్ ప్యాడ్లు. మొదట్లో ఖర్చు ఎక్కువ అనిపిస్తుంది. కాని ఖరీదైన ట్రాక్ ప్యాడ్లు ఆఫీసు ట్రాఫిక్‌లో అరగవు, రోడ్డు ప్యాడ్లు ట్రాక్ మీద ఒక్క రోజులో కాలిపోవు. రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

ముందు ప్యాడ్లు మార్చడం అలవాటైతే గంటలోపు పని. జాక్, రెండు స్టాండ్లు, కాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నొక్కే టూల్, బోల్టును సరైన బిగువుకు బిగించే టార్క్ రెంచ్ ఉండాలి. కాలిపర్‌ను ఆయిల్ గొట్టం మీద వేలాడదీయకండి, తీగతో కట్టండి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన ఆయిల్ డబ్బా పొంగుతుందేమో చూడండి. బోల్టులు మాన్యువల్‌లో ఉన్న అంకెకే బిగించండి. అన్నీ అయ్యాక, కారు కదిలించక ముందు, పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకుకు కాలు నేలకే వెళ్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రతి ప్యాడ్ తనలోని పదార్థాన్ని పలుచని పొరగా డిస్కు మీద వేస్తుంది. అసలు పట్టు ఆ పొరకూ ప్యాడ్‌కూ మధ్యే. వేరే రకం ప్యాడ్ వేస్తే ఆ పాత పొర మీద కొత్తది సరిగా కూర్చోదు, స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకర పోయిందని మెకానిక్ అంటాడు, చాలాసార్లు నిజానికి ఆ పొర ఎగుడుదిగుడుగా పడటమే కారణం. అందుకే వీలైతే రెండు సెట్లూ ఒకే కంపెనీ ఒకే కుటుంబం నుంచి తీసుకోండి. లేకపోతే మార్చిన ప్రతిసారీ డిస్కును గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ సెట్ చేయాలి.

కొత్త ప్యాడ్లు సెట్ చేయడానికి కొన్ని గట్టి బ్రేకులు కావాలి: 80 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా కొన్ని కిలోమీటర్లు చల్లార్చడం. వేడి మీద కారు ఆపి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడ్ ఆకారమే డిస్కు మీద అచ్చు పడుతుంది. దీన్ని ఔటర్ రింగ్ రోడ్డు మీద చేయకండి. వెనక వచ్చేవాళ్ళకు మీరు ప్యాడ్లు సెట్ చేస్తున్నారని తెలియదు. ట్రాక్ ప్యాడ్లయితే ట్రాక్‌లోనే మొదటి సెషన్ దీనికి కేటాయించండి.

ముందు, వెనక

ముందు చక్రాలకు మాత్రమే బాగా పట్టు ఉన్న ప్యాడ్లు వేసి వెనక పాతవి వదిలేస్తే బ్రేకింగ్ భారం ఇంకా ముందుకు జరుగుతుంది. ముందు డిస్కులు మరింత కాలుతాయి. వెనక పట్టు ఎక్కువ, ముందు తక్కువ అయితే ఇంకా ప్రమాదం, బ్రేక్ కొట్టగానే తోక పక్కకు జారుతుంది. మధ్యరకం దాకా నాలుగు చక్రాలకూ ఒకే రకం వేయండి. ట్రాక్ ప్యాడ్లకు వెళ్ళాక వెనక ఒక మెట్టు తక్కువది వేయడం మామూలు పద్ధతి.

ఇంకో సంగతి. కొత్త కార్లలో స్థిరత్వ వ్యవస్థ మలుపులో లోపలి చక్రానికి తనంతట తానే బ్రేక్ వేస్తుంది. మీరు కాలు పెట్టకపోయినా ప్యాడ్ అరుగుతుంది. వెనక ప్యాడ్లు ముందువాటికన్నా త్వరగా అరిగిపోయాయంటే కారణం అదే కావచ్చు. ట్రాక్ రోజుకు వెళ్ళే ముందు నాలుగూ చూడండి. రోడ్డుకు మూడు మిల్లీమీటర్లు మిగిలే దాకా నడుస్తుంది. ట్రాక్‌కు మాత్రం సగం అరిగిన ప్యాడ్ తీసుకెళ్ళకండి, పలుచబడిన ప్యాడ్ గుండా వేడి నేరుగా పిస్టన్‌కు, అక్కడి నుంచి ఆయిల్‌కు చేరుతుంది.

నకిలీ సరుకు గురించి ఒక మాట. రెడ్‌స్టఫ్, యెల్లోస్టఫ్ లాంటి పేరున్న రంగు ప్యాడ్లకు డూప్లికేట్లు ఉంటాయి. ధర మరీ తక్కువగా ఉంటే, పెట్టె మీది కోడ్ కంపెనీ దగ్గర సరిచూసుకునే వీలు లేకపోతే కొనకండి. రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మీకు ఏళ్ళుగా తెలిసిన దుకాణం ఉంటే వాళ్ళ ద్వారానే, బిల్లుతో తెప్పించుకోండి.

మా తమ్ముడికి చివరికి ఏం చెప్పానంటే

ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ రోజులు, స్ట్రీట్ టైర్లు, ఇంకా నేర్చుకునే దశ. కాబట్టి ముందు బ్రేక్ ఆయిల్ పూర్తిగా తీసి రేసింగ్ ఆయిల్ పోయించు. నాలుగు చక్రాలకూ డీఎస్2500 స్థాయి మధ్యరకం ప్యాడ్లు వేయించు. దొరకకపోతే హెచ్‌పీఎస్ స్థాయివైనా సరే, నాలుగు ల్యాపులు వేసి ఒక ల్యాప్ చల్లార్చుకుంటూ నడుపు. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయకు, గేరులో పెట్టి చక్రానికి అడ్డుకట్ట పెట్టు. కాలిన డిస్కుకు ప్యాడ్ ఆనుకుని ఉండకూడదు.

ఇంకొకటి కూడా చేయమన్నాను, అది దాదాపు ఎవరూ చేయరు. డిస్కు అంచుకు పూసే ఉష్ణోగ్రత పెయింట్లు దొరుకుతాయి. ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారుతుంది. పిట్‌లోకి వచ్చాక థర్మల్ గన్ పట్టుకుంటే అప్పటికే డిస్కు చల్లారి ఉంటుంది. ఈ రంగులు మాత్రం ట్రాక్ మీద అసలు ఎంత కాలిందో చూపిస్తాయి. ఆకుపచ్చ మాత్రమే మారితే వేసిన ప్యాడ్లు చాలు. నారింజ కూడా మారితే మధ్యరకం హద్దు దాటినట్టే.

వచ్చే నెల సెషన్ అయ్యాక డిస్కుల ఫోటో పంపమన్నాను. నారింజ మారి ఉంటే కూర్చుని రెండో సెట్ గురించి మాట్లాడుకుంటాం. మారకపోతే ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టమంటాను.